ఇన్సులా అంటే లంక

ఏలూరు మిషన్ బడిలో మాకు లాటిన్ చెప్పేవారంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. గొప్ప కోసం చెప్పలేదు. సంస్కృతం పంతులుగారు మా బడి మెట్లు ఎక్కనన్నారు. బడి నడిపే దొరసానికి వచ్చిన పాత భాష లాటిన్ ఒక్కటే. అందులో అందరికన్నా ముందున్న పిల్లను మద్రాసు పంపి డాక్టరు చదువు చదివిస్తానని ఆమె మాట ఇచ్చారు. 1934లో ముందున్నది నేను. మార్కుల ప్రకారమే చెబుతున్నాను.

లాటిన్‌లో విభక్తులు ఆరు. మన ఎనిమిదీ వల్లించినవాళ్ళకు ఆరు ఒక లెక్క కాదు. డుమువులు చదివినట్టే రాగం తీసి అప్పజెప్పేదాన్ని. రోమువాళ్ళ పిల్లలూ ఇలాగే పాడి ఉంటారని దొరసాని నవ్వేవారు.

ఆ ఏడు తనిఖీకి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తెలుగువారే. లాటిన్ రాదు కనుక మేము చేసిన తెలుగు అనువాదాలు చూశారు. "బ్రిటానియా ఇన్సులా ఎస్ట్" అన్న వాక్యానికి నేను "బ్రిటన్ ఒక లంక" అని రాశాను.

మా నాన్న కొల్లేటిలో ఒక లంకలో బడిపంతులు. చుట్టూ నీళ్ళు, నడుమ ఊరు. దాన్ని మేము లంక అనే అంటాం. ఇంకో మాటతో మాకు పని పడలేదు. ఇన్‌స్పెక్టరుగారికి మాత్రం లంక అంటే రావణుడిదే.

"బ్రిటన్ లంకైతే, చక్రవర్తిగారెవరమ్మాయ్?" అన్నారు. గొంతు పెంచలేదు. ఖద్దరు కట్టినవాళ్ళను జైళ్ళకు పంపుతున్న రోజులవి. దొరసాని భయపడి నాన్నకు కబురు పెట్టారు.

మర్నాడు నాన్న వచ్చాక, మా ఊళ్ళో ఆ మాటకు అర్థం వేరని ఇన్‌స్పెక్టరుగారికి చెప్పబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"తప్పయిపోయిందని అనేయమ్మా. అయ్యా, చిన్నపిల్లండీ, ఈసారికి మన్నించండి."

మాట తెలియక రాశానండీ అన్నాను. ఇన్‌స్పెక్టరుగారు శాంతించి దొరసాని వైపు తిరిగారు.

"ఇంత చిన్న మాట తెలియని పిల్లకి మద్రాసెందుకండీ?"

నాకు తెలుసని దొరసానికి తెలుసు. ఆరు విభక్తుల్లోనూ తెలుసని తెలుసు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నిజం మీద నిలబడితే రాజద్రోహం అయ్యేది. తప్పు ఒప్పుకుని చదువు రానిదాన్నయ్యాను. "ద్వీపం" అని రాసిన తణుకు అమ్మాయిని మద్రాసు పంపారు. ఆమె కాగితంలో ఎర్ర సిరా నా కాగితంలో కన్నా ఎక్కువ. నన్ను చిన్న తరగతుల టీచరు ట్రైనింగులో వేస్తామన్నారు.

తిరుగు పడవలో నాన్న తేలికపడ్డారు. "దొరసానిగారికి కోపం రాలేదు. అది చాలునమ్మా" అన్నారు. కూతురు డాక్టరు కావాలని రోజూ ప్రార్థన చేసింది ఆయనే.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కళ్ళు మూసుకుని, గండం గడిపించినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. అమ్మా తమ్ముళ్ళూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.