వాగు పేరు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి దాచే ఈ యూనివర్సిటీ గది ఇప్పుడు నా బాధ్యత. అయినా ఆ వాసన తగిలితే సులోచనా మేడమే గుర్తొస్తారు. అడిక్‌మెట్‌లో అద్దెగది తీసుకుని పరిశోధనకు చేరిన నాకు మొక్కను చూడటం నేర్పింది ఆవిడే. "కోసే ముందు కాసేపు కూర్చుని చూడు. చాలావాటిని కోయక్కర్లేదని తెలుస్తుంది" అనేవారు.

వాగుల పక్కన రాతి పగుళ్లలో మాత్రమే బతికే ఒక చిన్న నీలిపువ్వు మీద నా పని. అప్పటికే అది చాలాచోట్ల కనబడకుండా పోయింది. మేడం తెచ్చిన నమూనా అట్ట మీద ఆవిడ చేతిరాతతోనే ఒక వాగు పేరుంది. రెండు వానాకాలాలు ఆ వాగంతా గాలించాను. ఒకసారి పాచిరాయి మీద జారి మణికట్టు విరిగింది. పువ్వు మాత్రం దొరకలేదు. అక్కడ అంతరించిపోయిందని థీసిస్‌లో రాశాను. గైడ్‌గా సంతకం పెట్టే ముందు మేడం పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగారు. నా ఇంగ్లీషులో తప్పులున్నాయేమోనని భయపడ్డాను.

మేడం రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అన్నారు. "ఆ అట్ట మీద వాగు పేరు అబద్ధమమ్మా. నేనే రాశాను."

నాకు సరిగా వినబడలేదనుకున్నాను.

"అంతకుముందు ఇంకో మొక్కకు చోటు సరిగ్గానే రాశాను. మరుసటేడు ఎవరో గోనెసంచులతో వచ్చి వేళ్లతో సహా తవ్వుకుపోయారు. మందులకట."

"మరి నాకన్న చెప్పొచ్చు గద మేడం. రెండేండ్లు తిరిగిన."

"నువ్వు ఉన్నదున్నట్టు రాస్తావు. అదే నా భయం."

కోపంతో లేచి వచ్చేశాను. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి, కారు మాట్లాడి, అసలు వాగు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ రోడ్డు కోసం బండలు పేల్చి కల్వర్టు కట్టారు. మేడం ఒడ్డునే కూర్చున్నారు.

"ఇక్కడ ఉందని రాసి ఉంటే ఆపేవాళ్లంటావా?"

"ఏమో మేడం. నాకు తెల్వది."

కాస్త దిగువకు దిగితే ఒక రాయి చాటున నాలుగు మొక్కలు కనిపించాయి. "మేడం, గీడ..." అని కేకేయబోయాను.

"నాకు చెప్పకు" అన్నారు. "ఇక నీ ఇష్టం."

ఆ ఏడే మేడం పోయారు. ఆవిడ కాపాడిందా, పోగొట్టిందా అన్నది నాకిప్పటికీ తేలలేదు. నాలుగు మొక్కల సంగతి నేనూ ఎక్కడా రాయలేదు. మొన్న నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి నా థీసిస్ చదివి వచ్చింది. "గా పువ్వు నిజంగనే లేదా మేడం?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "వెతుకుతవా?" అన్నాను.

ఆ అమ్మాయి సంతోషంగా తలూపింది. నేను ఆమెకు దారి చూపించానో, దారి మళ్లించానో నాకే అర్థం కాలేదు.