డచ్చి బూటుకు రాయచోటి ఆముదం

యూరప్‌లో ఆరడుగుల డిఫెండర్లు మీదపడి తొక్కినా కూలని ఒక డచ్చి ఫుట్‌బాల్ ఆటగాణ్ని, పావు సీసా ఆముదంతో వెల్లకిలా పడగొట్టిన మొనగాణ్ని నేను. నమ్మరా? నమ్మకపోయినా నాకేం నష్టం లేదు. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లంతా సాక్ష్యం చెబుతారు. చెప్పనివాడు ఒక్కడే, అవతలి జట్టు గోల్‌కీపర్. ఆ సంగతి ఎత్తితే చాలు, మొహం పక్కకు తిప్పుకుంటాడట. పాపం, ఎందుకు తిప్పుకోడు? మీరే వినండి.

మాది రాయచోటి పక్కన పల్లె. కువైట్‌కి వచ్చిన కొత్తలో షుఐబా ఫ్యాక్టరీల్లో పైపులు మోశాను. ఆ ఎండకు నా నీడ కూడా నన్ను వదిలేసి ఎక్కడైనా చల్లగా ఉన్నచోట కూర్చుందామని చూసేది. కొన్నాళ్లకు మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, జాలిపడి తన తమ్ముడు అబూ ఫహద్ దగ్గరికి పంపాడు. అబూ ఫహద్ ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు మేనేజరు. గడ్డం దువ్వుకుంటూ, "నీకు ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగాడు.

"తెలుసా అంటారేంది సార్? మా పక్క పిలకాయలు నడక కంటే ముందు అదే నేర్చుకుంటారు" అన్నాను.

అప్పటికి నేను దగ్గరగా చూసిన బంతుల్లో అన్నిటికంటే పెద్దది వాలీబాల్. అయినా ఉద్యోగం వచ్చింది. ఆటగాళ్ల బట్టలు ఉతకాలి, బూట్లు తుడవాలి, నీళ్ల సీసాలు నింపాలి. దీనికి ఫుట్‌బాల్ తెలియాల్సిన అవసరమేముంది చెప్పండి? సబ్బు తెలిస్తే చాలు. కానీ నెల తిరిగేసరికి క్లబ్బు మొత్తం నా భుజాల మీదే నడుస్తోందని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఇలాంటి నమ్మకం కలిగిన మనిషికి దూరంగా ఉండమని పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఆ క్లబ్బులోనే డిర్క్ ఉండేవాడు. హాలెండ్ మనిషి. ఏ ద్వారబంధం ఎదురైనా ఆయన వంగి నమస్కారం పెట్టాలి, అంత పొడుగు. సాధన అయ్యాక అందరూ కార్లెక్కి పోయినా ఆయన మాత్రం నా బూట్ల గదిలో బల్ల మీద కూర్చుని, మోకాలికి ఐసు కట్టుకుని కబుర్లు చెప్పేవాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేది కాదు. అందుకే ఆయన మాటలు నా తెలుగులోనే చెబుతున్నాను.

పంతొమ్మిదేళ్లకే డిర్క్ వాళ్ల దేశంలో పెద్ద క్లబ్బులో ఆడాడు. సొంత ఊళ్లో బడి గోడ మీద ఆయన బొమ్మ గీశారు. తర్వాత మోకాలు విరిగింది. బాగయ్యేలోపు ఆయన చోట్లో ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు. అక్కణ్నుంచి బెల్జియం, ఆపైన టర్కీ, ఆపైన సైప్రస్. ఓడలు బళ్లవుతాయంటారు కదా, డిర్క్ ఓడ బండయ్యింది, బండి సైకిలయ్యింది, ఆ సైకిలు వచ్చి వచ్చి మా క్లబ్బు గేటు ముందు పంక్చరై ఆగింది. ఇంట ఓడినవాడు రచ్చ గెలుద్దామని ఎడారికి వచ్చాడన్నమాట.

"బొమ్మ ఇంకా ఉందా సార్ గోడ మీద?" అని అడిగాను ఒకసారి.

"లేదు రమణా. దాని మీద సున్నం వేసి ఇంకో కుర్రాడి బొమ్మ గీశారు. ముక్కు మాత్రం నాదే ఉంచారు, బాగా కుదిరిందని."

ఆ మాటకు ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాక ఆయన మోకాలి మీద ఐసు సర్దుకున్నాడు. ఆయన కష్టం నాకు కొత్త కాదు. కాంట్రాక్టు అయిపోతే కఫీల్ ఏమంటాడో, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఉంటుందో ఊడుతుందో అని గుండె చేత్తో పట్టుకుని తిరగడం మా కడపోళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. దొరకైనా, దోబీకైనా ఆ భయం ఒకటే.

సీజన్‌లో చివరి ఆట దగ్గరపడింది. అబూ ఫహద్ నా ఎదుటే డిర్క్‌తో తేల్చి చెప్పేశాడు.

"చివరి ఆటలో గోల్ కొట్టు, ఇంకో ఏడాది ఉంచుకుంటా. లేదంటే ఖలాస్."

ఆయన వెళ్లాక నేను అడిగాను. "ఇక్కడ ఖలాస్ అంటే ఇంకో క్లబ్బు చూసుకుంటారు, అంతే కదా సార్?"

"ఈ మోకాలిని ఇంకెవరూ తీసుకోరు. మా మామగారి పశువుల పాకే గతి. పొద్దున్నే లేచి ఆవుల పాలు తీయాలి."

"పాలు తీయడం తప్పేం కాదు సార్. నేను పదేళ్లప్పుడే ఎనుముల పాలు పిండినా."

"తప్పని కాదు. నాకు ఆవులంటే భయం."

అంత మనిషి ఆవుకు భయపడుతుంటే ఊరుకుంటానా? ఎలాగైనా ఆయన చేత గోల్ కొట్టించాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. అడక్కుండా చేసే సాయాలకు నేను పెట్టింది పేరు.

సరిగ్గా అప్పుడే డిర్క్ పాత బూట్లకు అడుగు చిరిగింది. క్లబ్బు వాళ్లు కొత్తవి తెప్పించారు. నెమలి మెడ రంగులో తళతళలాడుతున్నాయి. ఆయన వేసుకుని మైదానం చుట్టూ రెండుసార్లు పరిగెత్తి కుంటుకుంటూ వచ్చాడు. ఆయన మడమ మీద చర్మం లేచిపోయింది.

"కరుస్తున్నాయి రమణా. ఆట రోజుకు మెత్తబడకపోతే పాతవే వేసుకుంటా. వాటికి కొంచెం టేపు చుట్టిపెట్టు."

కొత్త చెప్పు కరిస్తే ఏం చేయాలో మా సీమలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆముదం దట్టంగా పట్టించి ఎండకు పెడితే తెల్లారేసరికి చెప్పు చంటిబిడ్డ చెంపలా తయారవుతుంది. మా నాయన పెళ్లి చెప్పులకూ అదే వైద్యం. ఈ శాస్త్రం హాలెండ్ దాకా పోలేదు, పాపం, వాళ్ల తప్పేముంది?

ఆటకు ముందు రోజు నాకు సెలవు. ఆ కొత్త బూట్లు సంచిలో వేసుకుని ఖైతాన్‌లో మా గదికి తెచ్చాను. పాత బూట్లు కూడా సంచిలో వేసుకున్నాను. తెగిన చెప్పు ఉన్నచోట దరిద్రం ఉంటుందని మా అమ్మ చెప్పేది. అందుకే దారిలోనే పాత జతను మునిసిపాలిటీ చెత్తడబ్బాలో వేసి, డిర్క్ దరిద్రం వదిలించానని చేతులు దులుపుకున్నాను. ఆ దులిపిన చేతులతోనే మా గదిలో ఉండే ఖాదర్ బాషా ముందు నిలబడ్డాను. ఖాదర్‌ది రాయచోటే. ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. నాకంటే పెద్దవాడు, భాయ్ అంటాను.

"భాయ్, మీ అమ్మ పంపిన ఆముదం సీసా యాడుంది?"

"ఎందుకప్పా? కడుపు పట్టేసిందా?"

"నాకు కాదు. బూట్లకు."

ఖాదర్ బూటును తీసుకుని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"రమణా, ఇది తోలేనా? నాకు ప్లాస్టిక్ మాదిరి కనపడతాంది."

"తోలు గాకుంటే గోనెపట్టా? డచ్చోళ్ల దేశంలో ఆవులు కొండల మాదిరి ఉంటాయంట. తోలుకు కరువా?"

"అది నాకు తెల్దు. ప్లాస్టిక్కయితే నూనె లోపలికి ఇంకదు, పైననే ఉంటాది. అడిగి చేచ్చే నీ సొమ్మేం పోతాది?"

"భాయ్, నువ్వు బిర్యానీ సంగతి చూసుకో. ఫుట్‌బాల్ నాకు వదిలెయ్."

"నీకు ఫుట్‌బాల్ గురించి బాలు గుండ్రంగా ఉంటాదని తప్ప ఏం తెల్సప్పా?" అని గొణుక్కుంటూ సీసా చేతిలో పెట్టాడు.

ఇక చూడండి నా పనితనం. లోపలా బయటా, మడమ దగ్గరా, వేళ్ల దగ్గరా, ఆఖరికి లేసులకు కూడా, పెళ్లికొడుకుకు నలుగు పెట్టినట్టు పట్టించాను. మేడ మీదికి తీసుకెళ్లి ఎండకు పెట్టాను. మా ఊరి ఎండకూ కువైట్ ఎండకూ తేడా ఉందని అప్పుడు తట్టలేదు. మా ఊరి ఎండ చెప్పును మెత్తబరుస్తుంది. కువైట్ ఎండ చెప్పును ఉడకబెడుతుంది. సాయంత్రానికి బూట్లు పట్టుకుంటే నానబెట్టిన అటుకుల్లా ఉన్నాయి. నా ఆనందానికి అంతు లేదు. పైన తుడిచి, మెరిసేలా చేసి, సంచిలో పెట్టుకున్నాను.

మరుసటి రోజు డ్రెస్సింగ్ రూములో డిర్క్ కాలు పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"రమణా! ఏం మంత్రం వేశావు? దూదిలా ఉన్నాయి!"

"అది మా సీమ రహస్యం సార్. మీరు పోయి గోల్ కొట్టి రాండి."

ఆయన నన్ను కావలించుకున్నాడు. నా తల ఆయన పొట్ట దగ్గరికి వచ్చింది. ఆ క్షణంలో నన్నెవరైనా క్లబ్బుకు కోచ్‌గా ఉండమంటే ఆలోచించి చెబుతానని అనేవాణ్ని.

ఆట మొదలైంది. డిర్క్ మొదటి బంతిని కుడివైపు కొడితే అది ఎడమవైపు పోయింది. రెండో బంతి తన్నబోయి గాలిని తన్నాడు. మూడోసారి పరిగెత్తుతుంటే బూటు ఆగింది, కాలు మాత్రం దాని లోపలే ముందుకు పోయింది. జనం ఈలలు వేస్తున్నారు. అబూ ఫహద్ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"వల్లా, ఈ మనిషికేమైంది? నిన్నటిదాకా బాగానే ఉన్నాడే!"

నేను నీళ్ల సీసాలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ప్లాస్టిక్ మాదిరి కనపడతాందన్న ఖాదర్ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. విరామంలో డిర్క్ నా దగ్గరికి జారుతూ వచ్చాడు. అవును, నడుస్తూ కాదు.

"నా కాలు బూటులో ఈత కొడుతోంది రమణా. పాత బూట్లు ఇవ్వు, త్వరగా!"

"పాతవా సార్?"

"అవును, పాతవే. ఎక్కడున్నాయి?"

"ఖైతాన్ చెత్తడబ్బాలో ఉన్నాయి సార్."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు. ఆవుల పాక కళ్లెదుట కనిపించిన మనిషి చూపు అది. ఇంకెవరి బూట్లయినా ఇద్దామంటే ఆ పాదం పడవంత ఉంది, జట్టులో ఎవరివీ పట్టవు. నేను మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిమోపుకు వేసే ముడి వేసి లేసులు బిగించాను. నూనె లేసు కదా, నా కళ్లెదుటే ఆ ముడి సిగ్గులేకుండా విడిపోతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత మంచి మనిషి బువ్వలో మన్ను పోశానే అని ఏడుపొచ్చింది.

రెండో సగం కూడా అట్లాగే జారుతూ జారుతూ చివరికి వచ్చింది. రెండు జట్లకూ గోల్ లేదు. ఇక అయిపోయిందనగా మా జట్టువాణ్ని అవతలివాడెవడో గోల్ దగ్గర పడేశాడు. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు. గోల్‌కీపర్ ఒక్కడే ఎదురు, తన్నేది ఒక్కసారే.

"డిర్క్ వద్దు! ఇంకెవరైనా కొట్టండి, యల్లా!" అని అబూ ఫహద్ అరుస్తున్నాడు. డిర్క్ వినలేదు. బంతి తీసి చంకలో పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎట్లా నిలబడతాడో అట్లా నిలబడ్డాడు. నేను మా ఊరి గంగమ్మకు ఏం మొక్కుకున్నానో ఇప్పుడు చెప్పను, ఇంకా తీర్చలేదు.

పరిగెత్తాడు. తన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఇక్కడ మడమకు మందేస్తే బూటే ఊడింది! బూటు గాల్లోకి లేచి, నెమలిలా రంగులు మెరుస్తూ గోల్‌కు కుడివైపుగా దూసుకుపోయింది. గోల్‌కీపర్ మంచి ఆటగాడు. పులిలా దూకాడు, రెండు చేతులతో దాన్ని పట్టి గుండెకు హత్తుకుని నేలమీద దొర్లాడు. అసలు బంతి మాత్రం ఎడమవైపు, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన ముసలమ్మలా నింపాదిగా దొర్లుకుంటూ పోయి వలలో కూర్చుంది.

గోల్‌కీపర్ కళ్లు తెరిచి చేతుల్లో ఉన్నదాన్ని చూసుకున్నాడు. తర్వాత గ్లౌజులు వాసన చూసుకున్నాడు. మొహం వాంతి వచ్చినట్టు పెట్టాడు. రిఫరీ గీత దగ్గరున్న సహాయకుడితో మాట్లాడి, తల గీరుకుని, మళ్లీ మాట్లాడి, చివరికి చెయ్యి మధ్యగీత వైపు చూపించాడు. గోల్!

ఈ లోపల డిర్క్ వెల్లకిలా పడి కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను నీళ్ల సీసాతో పరిగెత్తాను.

"ఆవులు పిలుస్తున్నాయి రమణా" అన్నాడు.

"ఆవులు కాదు సార్, జనాలు! గోల్ సార్, గోల్!"

ఆ తర్వాత డ్రెస్సింగ్ రూములో పండగ. డిర్క్ మాత్రం ఆ ఒంటి బూటు చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఇదేం వాసన?"

దాచి లాభం లేదు. "ఆముదం సార్."

"అంటే ఏంటి?"

"మా ఊళ్లో కడుపు శుభ్రం కావడానికి తాగుతారు సార్."

"నా బూటుకు కడుపునొప్పి వచ్చిందని ఎవరు చెప్పారు?"

అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి బల్ల మీద కూలబడ్డాడు. ఆ వీడియో దేశదేశాలూ తిరిగింది. హాలెండ్‌లో ఆయన ఊరి బడి గోడ మీద మళ్లీ బొమ్మ గీశారు, ఈసారి ఆయనది కాదు, ఎగిరే బూటుది.

అబూ ఫహద్ మాట తప్పలేదు. మర్నాడే కాంట్రాక్టు కొనసాగించాడు. సంతకం పెట్టేముందు డిర్క్ ఒక షరతు అడిగి రాయించాడు. దాన్ని నాకు చదివి వినిపించమని పిలిచారు. ఏదో బహుమతి అనుకుని చొక్కా మార్చుకుని వెళ్లాను. అబూ ఫహద్ గొంతు సవరించుకుని చదివాడు: "రమణ అను వ్యక్తి ఈ ఆటగాడి బూట్లను, మంచి ఉద్దేశంతో సైతం, తాకరాదు."

చూశారా! యూరప్ ఆటగాడి కాంట్రాక్టులో పేరెక్కిన రాయచోటి మనిషి నేను కాక ఇంకొకడున్నాడా? ఖాదర్‌కు ఈ మాట చెబితే, "సంతోషమే గానీ, నా ఆముదం సీసా యాడప్పా?" అన్నాడు. గిట్టనివాళ్ల మాటలు పట్టించుకోకూడదు.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, మా నాయన పెళ్లి చెప్పుల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఏ ఆటగాడి బూటుకూ ఆముదం పూయను. పూసినా కువైట్ ఎండలో పెట్టను. పెట్టినా పాత జత పారేయను. ఎవరైనా అసలు సిసలు తోలు బూటని తెచ్చి ఇస్తే మాత్రం, ముందుగా ఎవరూ చూడకుండా గోటితో ఒకసారి గీకి చూస్తాను.