డెబ్భై రెండు ఉదయాల సన్యాసం

నా సువార్త సేవ మొత్తం ఎనభై మూడు రోజులు. పదకొండు ఆదివారాలు తీసేస్తే డెబ్భై రెండు. ఇంత తక్కువ వ్యవధిలో ఒక అయ్యగారి పరువును, ఒక కాలనీ భక్తిని, ఒక గేదె అలవాట్లను ఒకేసారి పాడుచేసిన బైబిలు స్త్రీ కృష్ణకు ఇటుపక్క నేను తప్ప మరొకరు లేరు. అటుపక్క సంగతి నాకు తెలియదు. తెలియనిది రాయను.

1967వ సంవత్సరం. నాకు ఇరవై ఒకటి. మాది రేపల్లె. ఆ యేడు మార్చిలో టైఫాయిడ్ వచ్చి ఇరవై ఎనిమిది రోజులు మంచంలో ఉన్నాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంటే, మిగిలింది కూడా అమ్మ నున్నగా గీయించేసింది. రెండు నెలలైనా మళ్ళీ మొలక రాలేదు. ఇక మా మిషనులో ఆడవాళ్ళ యూనిఫారం తెల్లచీర. గుండు మీద తెల్లచీర కొంగు కప్పుకుని తెనాలి స్టేషనులో నిలబడితే, ప్రయాణానికి బయలుదేరినవాళ్ళు నన్ను చూసి వెనక్కి తిరిగి, ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చేవారు. నా మూలంగా బండి తప్పిపోయినవాళ్ళు నాకు తెలిసి నలుగురు.

తెనాలిలో ఉండే పెద్ద పాస్టరుగారిని మేము అయ్యగారనీ, వారి భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్ళం. ఆయన నన్ను పిలిచి చెప్పారు.

"బాపట్ల పక్కన, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళకి సర్కారు రేకుల ఇళ్ళు వేసిందమ్మా. నలభై ఒక్క ఇల్లు. అక్కడ పనిచేస్తావా?"

"చేస్తానండి. మరి భాష?"

"ముసలివాళ్ళకి తెలుగొచ్చు. మిగతావాళ్ళు అక్కడే పుట్టారు, బర్మా మాటే. అందుకే నువ్వు ఎక్కువ మాట్లాడకు. మొదటి మూడు నెలలు పరిచయం చేసుకో, చాలు. మనుషులు దగ్గరైతే ఉద్యోగం ఖాయం. లేకపోతే..."

"లేకపోతే ఏంటండీ?"

"మీ నాన్నగారు చెప్పినట్టు టీచరు ట్రైనింగులో చేరు."

ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పే బైబిలు స్త్రీ ఉద్యోగం పన్నెండో యేటి నుంచీ నేను కోరుకున్నది. పైగా రేపల్లెలో మా పిన్ని నా వెనకాల, "గుండూ తనూనూ! దీని మాట ఎవరు వింటారు?" అన్నదని తెలిసింది. మూడు నెలల్లో బాపట్లను తలకిందులు చేసి పిన్నికి చూపించాలని ఒట్టు పెట్టుకున్నాను. తలకిందులైతే అయింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మా సంఘాల్లో ప్రతి ఇల్లాలూ పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. వారం చివర గుడికి చేరుతుంది. కొత్తచోట పరిచయానికి ఇంతకంటే మంచి దారి లేదని నాకు తోచింది. జూన్ 12, సోమవారం, ఉదయం ఆరున్నరకు మూతగిన్నె ఒకటి చంకన పెట్టుకుని కాలనీకి వెళ్ళాను. మగవాళ్ళు అప్పటికే రైసు మిల్లుల్లో పనికి వెళ్ళిపోయారు. మొదటి గుమ్మంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు అప్పాయమ్మ. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్ళారట. నన్ను చూడగానే లేచి, చెప్పులు పక్కకు నెట్టి, చేతులు జోడించింది.

"రోజూ పొద్దున వస్తానండి. దేవుడి పేర ఒక పిడికెడు బియ్యం..." అని మొదలుపెట్టాను.

"మాకు సెప్పాలా తల్లీ! అక్కడ రోజూ ఏసీవోళ్ళం. ఇక్కడికొచ్చినాక ఎవలూ రాకపోతే బెంగెట్టుకున్నాం. బియ్యమెందుకు, బువ్వే ఎడతాం. నువ్వు పొయ్యెక్కడ రాజేసుకుంటావు?"

"అవునండి," అన్నాను. ఆహా, రంగూన్‌లో కూడా మన పిడికెడు బియ్యం ఉందన్నమాట అని పొంగిపోయాను.

"నా బువ్వ మా ఆయన పేరున తల్లీ. ఓడెక్కీ ముందు వారం పోనాడు. ఆయనకి కర్మలు సెయ్యడానికి సర్కారోళ్ళు టైమియ్యలేదు."

మా గుళ్ళోనూ పోయినవాళ్ళ పేర కానుకలిస్తారు. "అలాగేనండి," అని కళ్ళు మూసుకుని మనసులోనే ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచేసరికి అప్పాయమ్మ, ఆమె కోడలు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు మట్టిలో మోకాళ్ళ మీద ఉన్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాకు ఆ వారం అడక్కుండానే ముప్పై ఆరు ఇళ్ళవాళ్ళు పెట్టారు. గరిటెడు అన్నం వేయడం, మోకాళ్ళూనడం, నేను ప్రార్థన చేయడం, వాళ్ళు మౌనంగా లోపలికి పోవడం. అయ్యగారికి వారం వారం పంపే రిపోర్టులో "మోకాళ్ళూనినవారు" అనే గడి ఒకటి ఉండేది. మిగతా బైబిలు స్త్రీలు ఆ గడిలో రెండు, మూడు రాసి ఊరుకునేవారు. నేను 36 అని రాసి, కింద గీత గీశాను.

సరే, ముప్పై ఆరు గరిటెల అన్నం ఏం చేయాలి? నేను బాపట్లలో రిటైరైన హాస్టలు మేట్రను సారమ్మగారింట్లో గది తీసుకుని ఉన్నాను. ముప్పై ఆరు ఇళ్ళ అన్నం ఒక గిన్నెలో కలిసి, ఎండలో నాలుగు ఫర్లాంగులు నడిచొచ్చేసరికి సంగటి అయ్యేది. పది ముద్దలు మింగేదాన్ని. పదకొండోది దిగేది కాదు.

"మిగిలింది గేదెకు పెడదామే," అన్నది సారమ్మగారు.

"దేవుడికిచ్చింది గేదెకు పెట్టొచ్చా అండీ?"

"గేదెను చేసిందెవరు? ఆయనేగా!"

గిన్నె తీసుకెళ్ళి కుడితి తొట్టిలో బోర్లించాను. దేవుడు వరమిచ్చినా గేదె మింగేసిందని సామెత మార్చుకోవాల్సి వచ్చింది. గేదె నిగనిగలాడింది. పూటకు అరసేరు పాలు ఎక్కువిచ్చింది. జుట్టు మొలుస్తుందని ఆ అరసేరూ సారమ్మగారు నాచేతే తాగించేది.

ఇరవై ఆరో రోజు సాయంత్రం స్టేషను దగ్గర బండి మీద పునుగులు తింటున్నాను. ఎదురుగా అప్పాయమ్మ! నన్నూ, నా చేతిలో పొట్లాన్నీ చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున గిన్నెలో అన్నం వేస్తూ గుసగుసగా అడిగింది.

"ఒంట్లో బాగోనేదా తల్లీ? మందుకనే తిన్నావు కదా?"

వీధిలో నిలబడి తినడం తప్పనుకుంది కాబోలు, పెద్దావిడ కదా! "అవునండి," అన్నాను.

"రోగమొస్తే దోషం నేదులే," అని ఆమె నిట్టూర్చింది.

జులై నెలాఖరుకు నా తల మీద అంగుళంలో పావువంతు జుట్టు మొలిచింది. రోజూ అద్దంలో స్కేలు పెట్టి కొలుచుకునేదాన్ని. అప్పాయమ్మకు మాత్రం ఆ పంట నచ్చలేదు.

"మర్సిపోనావేటి తల్లీ? పెరిగిపోతంది, గీయించుకోవా?"

"ఎందుకండీ?"

ఆమె నా వంక అదోలా చూసింది. ఆ చూపు ముప్పై తొమ్మిదో రోజుది. ఇక్కడ ఒక నిజం రాయాలి. ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. వీళ్ళు నన్ను ఇంకెవరో అనుకుంటున్నారేమో అని మనసు గట్టిగానే పొడిచింది. అడిగితే ఒక్క నిమిషం పని. కానీ అడిగితే ఆ గడిలో అంకె తగ్గుతుంది. "మర్చిపోయానండి," అని గిన్నె పట్టుకుని పక్క గుమ్మానికి వెళ్ళాను. నేను తెలియక చేసిన పొరపాటు ముప్పై ఎనిమిది రోజులు. తెలిసీ చేసింది ముప్పై నాలుగు.

రిపోర్టులు చూసి తెనాలిలో అయ్యగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. సెప్టెంబరు 2, శనివారం, తానే వచ్చి కళ్ళారా చూస్తానని కబురు పంపారు. "పెద్దయ్యగారు వస్తున్నారండీ," అని అప్పాయమ్మకు చెప్పాను. కాలనీ అంతా పేడ నీళ్ళతో కళ్ళాపి చల్లారు. నలభై ఒక్క గుమ్మాల్లోనూ పువ్వులు.

ఆ ఉదయం అయ్యగారు తెల్లటి నిలువుటంగీ వేసుకుని జట్కా దిగారు. ఒక్కసారిగా వీధి వీధంతా మోకాళ్ళ మీదికి వంగింది. నిలబడి ఉన్నది అయ్యగారు, నేను, జట్కా గుర్రం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా! ముప్పై ఏళ్ళ సేవలో ఇలాంటిది చూడలేదమ్మా!"

అంతలో అప్పాయమ్మ కోడలు ఒక పీట తెచ్చి వేసింది. పీట పక్కన ఇత్తడి చెంబుతో నీళ్ళు. చెంబు పక్కన కత్తి నూరుకుంటూ ఒక మంగలి.

"ఇదేంటమ్మా?" అన్నారు అయ్యగారు.

"పెద్దసామి ఎదర మా తల్లికి గుండు సేయిత్తాం బాబూ! మా ఖర్చుతోటి. తను మర్సిపోతంది, సిన్నపిల్ల."

ఆయన నా వంక చూశారు. నేను చెంబు వంక చూశాను. అప్పుడే జట్కాలోంచి, వెనక ఉండిపోయిన అమ్మగారు ఆయాసపడుతూ దిగారు. ఎర్రంచు పట్టుచీర, చేతులకు గాజులు, చంకలో పసివాడు.

"ఈరెవలు బాబూ?" అన్నది అప్పాయమ్మ.

"మా ఆవిడేనమ్మా," అన్నారు అయ్యగారు, చిరునవ్వుతో. "వీడు మా ఐదోవాడు."

అప్పాయమ్మ ఆ మాటను బర్మా భాషలో వెనక్కి అందించింది. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఆ లేవడం కూడా నేను లెక్కపెట్టాను. చెడ్డ అలవాటు.

"సన్నాసికి పెళ్ళావేటి?" అన్నది అప్పాయమ్మ. "ఐదుగురు పిల్లలేటి?"

"సన్యాసి ఎవరమ్మా?" అన్నారు అయ్యగారు.

ఆమె వేలు నా గుండుకేసి తిరిగింది. పదేపది నిమిషాల్లో సంగతంతా బయటపడింది. బర్మాలో గుండు చేయించుకున్న బౌద్ధ సన్యాసినులు పొద్దున్నే గిన్నె పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఎవరితోనూ మాట్లాడరు. మధ్యాహ్నం దాటితే ఏమీ తినరు. వాళ్ళ గిన్నెలో వేసిన మెతుకు పోయినవాళ్ళకు చేరుతుందని నమ్మకం. వాళ్ళ వస్త్రం గులాబీ రంగట. నాది తెలుపు. ఈ దేశంలో ఆ రంగు దొరకలేదేమో పాపం అని సరిపెట్టుకున్నారు. ఎంత మంచివాళ్ళంటే, నా లోపాలన్నిటికీ వాళ్ళే సమాధానాలు వెతుక్కున్నారు.

అప్పాయమ్మ నా దగ్గరకు వచ్చింది. కోపం లేదు. అదే నాకు భయం వేసింది.

"మా ఇంట్లో రెండు పూటల బియ్యం ఎక్కడియమ్మా? పొద్దుట నా వంతు నీ గిన్నెలో ఏసి, రేతిరి దాకా టీనీళ్ళతోటి ఉన్నాను. ఆ బువ్వేటి సేసేవు?"

అబద్ధం చెప్పే అవకాశం నిండుగా ఉంది. అయ్యగారు కూడా "గుళ్ళో బీదలకు..." అని అందించబోయారు. నేను మాత్రం, "గేదెకు పెట్టామండి," అన్నాను.

"గేదికా?"

"సారమ్మగారి గేదెకండి."

"పాలిచ్చిందా?"

"పూటకు అరసేరు ఎక్కువిచ్చిందండి."

"ఆ పాలెవలు తాగేరు?"

"నేనేనండి."

అప్పాయమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అయితే నీకే సేరిందిలే, గేది మీదుగా," అన్నది. "అయినా మా ఆయనకి సన్నాసులంటే పడీదికాదు," అన్నది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. నేను ఆమె పాదాల దగ్గర మోకాళ్ళూనాను. ఆమె నన్ను లేవనెత్తలేదు. కోడలి చేయి పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది. మంగలి కత్తి తుడుచుకుని, "అయ్యగారూ, వచ్చిన పని ఎలాగూ లేదు, తమకేమన్నా..." అన్నాడు. అయ్యగారు జట్కా ఎక్కేశారు.

తిరుగు బండి తెనాలి చేరేలోపు నేనే ఆయనకు చెప్పాను, ముప్పై తొమ్మిదో రోజు సంగతి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంకెలంటే ఇంత ఇష్టం ఉన్నదానివి, లెక్కల టీచరువి కావాలి," అన్నారు. అయ్యాను. ముప్పై నాలుగేళ్ళు చెప్పాను. మా పిన్ని బ్రతికినంత కాలం, "సన్యాసినిగారు వచ్చారే!" అని స్వాగతం చెప్పేది. అది నాకు తక్కువ శిక్షే.

మొదటి జీతం అందాక 1970 జనవరిలో ఒక బస్తా బియ్యం రిక్షాలో వేయించుకుని ఆ కాలనీకి వెళ్ళాను. అప్పాయమ్మ పోయి అప్పటికి ఐదు నెలలైంది. గుమ్మంలో ఆమె కోడలు. అప్పట్లో బర్మా మాటే తెలిసిన ఆమె నోట ఇప్పుడు అచ్చం బాపట్ల తెలుగు. నా బారుజడ చూసి గుర్తుపట్టలేదు.

"ఎవరండీ మీరు? ఏం కావాలండీ?"

డెబ్భై రెండు రోజులు ఆ గుమ్మంలో నిలబడ్డాను. ఆ ప్రశ్న వాళ్ళు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. ఆ రోజు అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "బియ్యం వద్దులెండి. అత్త ఉంటే తీసుకునేదేమో," అన్నది. బస్తా మళ్ళీ రిక్షా ఎక్కింది.

అందుచేత పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గుమ్మం ముందు నిలబడినా పేరు, ఊరు, మతం, వచ్చిన పని అడక్కముందే వరసగా అప్పజెప్తాను. ఎవరైనా నాకు చేతులు జోడిస్తే, ఎవరనుకుని జోడించారో ముందు విచారిస్తాను. ఆ మనిషిని నేను కాకపోతే, ఆ రెండు చేతులూ నేనే స్వయంగా విడదీసి, మర్యాదగా ఇంటికి పంపిస్తాను.