తడి ఆరని కంబం

జనగామలో మా చిన్నకొడుకు కట్టుకున్న ఇంటి ముందు నాలుగు పూలమొక్కలున్నాయి. వాటి మధ్య ఉత్త అందానికి ఒక కంబం ఉండాలని కోడలి ముచ్చట. మొన్న మేస్త్రీ వచ్చి ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, పైన గుండ్రటి బంతి ఒకటి కూర్చోబెట్టి సాయంత్రానికల్లా చేతులు కడుక్కున్నాడు. పోతూ పోతూ వరండాలో కూర్చున్న నన్ను చూసి, "అవ్వా, నీకు పనేం లేదు గదా, జర దీనికి పొద్దుమాపు నీళ్లు కొట్టు. వారం తడిపితే చాలు" అన్నాడు. పనిలేనిదానివని ముఖం మీదే చెప్పినందుకు కోపం రావలసింది, రాలేదు. వారం అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ మాట మా అక్క విని ఉంటే ఏమనేదో!

అక్క అంటే తోడబుట్టింది కాదు, యారాలు, మా ఆయన అన్న భార్య. ఆ అన్ననే నేను బావ అనేదాన్ని. నేను పెండ్లయి తరిగొప్పుల దగ్గరి ఆ ఊరికి కాపురానికి పోయేనాటికి ఊళ్లో దొరల మీద తిరగబడే సంఘం వచ్చింది, దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. మా ఆయనది స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల మీద పని, ఇంటికి రావడం పండుగకో పబ్బానికో. ఇంట్లో అత్త, బావ, అక్క, నేను. బావది తాపీ పని. గడీ తోటలో పూల మధ్య ఒక కంబం ఉండేదట, పైన తామరపువ్వు, చుట్టూ మల్లెతీగ. అది కట్టింది బావే, వెట్టికి. కడుతున్నన్నాళ్లూ ఇంటికొచ్చి దాని సోకులు అక్కకు వర్ణించేవాడు. అక్క మాత్రం దాన్ని ఏనాడూ చూడలేదు, ఆమెను తోటలోకి ఎవరు రానిస్తారు? దొర పోగానే ఊరంతా భూముల గురించి మాట్లాడుకుంటుంటే, మా బావ పెరట్లో కంబానికి పునాది తీశాడు.

అత్త నవ్వలేక చచ్చింది. "కప్పు లేని కంబం ఏం మోస్తదిరా?" అంది.

"మల్లెతీగెను మోస్తదే అవ్వా. గడీల ఉండంగ మనింట్ల ఎందుకుండొద్దు?" అన్నాడు బావ.

గానుగలో తిప్పిన సున్నం, ఎక్కడెక్కడివో ఏరుకొచ్చిన ఇటుకలు. నడుం ఎత్తుకు లేచాక చుట్టూ ఒక పట్టీ తీశాడు. దానికి పువ్వులు చెక్కుతాడేమో అనుకున్నాం. అక్కను పిలిచి, ఆమె చేతి గాజు ఒకటి తీయించి, పచ్చి సున్నం మీద దాన్ని అద్దుతూ పోయాడు. సున్నా పక్కన సున్నా, ఎంత ముద్దుగా వచ్చిందో! అక్క సిగ్గుతో కొంగు నోట్లో పెట్టుకుంది. పట్టీ సగం తిరిగిందో లేదో, గోడ అవతల నుంచి ఎవరో పిలిచారు, పోలీసులు ఊరి పొలిమేరలో ఉన్నారని. బావ కూడా సంఘంలో మనిషే, చేతుల సున్నం కూడా కడుక్కోలేదు. గాజు అక్క చేతిలో పెట్టి, "మిగిలింది నేనొచ్చినంక చేస్త. అందాక నీళ్లు పొయ్యి, ఎండనియ్యకు, పగుల్తది" అని చెప్పి గోడ దూకాడు.

అక్క నీళ్లు పోయడం మొదలుపెట్టింది. పొద్దున ఒక కడవ, మాపు ఒక కడవ. వానాకాలం వచ్చింది, వానలో తడుస్తూ కూడా పోసింది. నాచు పడితే కొబ్బరిపీచుతో రుద్దేది. సున్నం ఎప్పుడో గట్టిపడి ఉంటుందని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. భయానికి మా గడప ఎవరూ తొక్కేవారు కాదు. పక్కింటివాళ్లు నిప్పుకు కూడా రావడం మానేశారు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లం మూడు మూలల కూర్చునేవాళ్లం. సాయంత్రం పెరట్లో నీళ్లు పడే చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చేది. మనుషులతో మాట్లాడినట్టు అక్క ఆ కంబంతో మాట్లాడేది, మాతో కంటే ఎక్కువే.

నిజాం రాజ్యం పోయింది, మిలటరీ వచ్చింది, క్యాంపులు పెట్టారు. బావ రాలేదు. మరిపెడ సంతకు పోయిన ఒకాయన కబురు తెచ్చాడు, మానుకోట అవతలి అడవిలో కాల్పులు జరిగాయని, పోయినవాళ్లలో బావ ఉన్నాడని. అత్త నేల మీద పడి ఏడ్చింది. కులపెద్ద వచ్చి, జరగాల్సింది జరిపించాలన్నాడు. అంటే అక్క గాజులు పగలగొట్టాలి, పుస్తె తెంచాలి. "పీనుగను సూపియ్యున్రి, నేనే తీస్త" అంది అక్క. అడవిలో పీనుగను ఎవరు చూపిస్తారు? అమావాస్య దాకా గడువిచ్చి పోయాడు. అక్క కడవ తీసుకొని పెరట్లోకి నడిచింది.

ఆ అమావాస్య రాకముందే జవాన్లు వచ్చారు, వెంట పోలీసు పటేలు. ఇల్లంతా వెతికి పెరట్లోకి వచ్చి కంబం ముందు ఆగారు. ఒకతను అరచెయ్యి ఆనించి, తడి చూసుకొని, ఏదో అన్నాడు. పటేలు మాకు చెప్పాడు: "పని పచ్చిగున్నది, మొన్న మొన్న కట్టిందంటున్నరు. నీ పెనిమిటి రాత్రుల్ల యాళ్లగాని యాళ్ల వస్తున్నడా? తుపాకులు గిండ్లనే దాసిండా?" గడ్డపారలు తెప్పించి కూలగొట్టారు. లోపల ఇటుక, సున్నం తప్ప ఏముంటుంది? "మల్ల వస్తరట. వాడు దొరికేదాక వస్తరట" అని చెప్పి పటేలు వాళ్ల వెంట పోయాడు.

నేను అక్క ఏడుస్తుందని దగ్గరికి పోయాను. ఆమె ముఖం వెలిగిపోతోంది. తలనిండా సున్నపు దుమ్ముతోనే వీధుల వెంట కులపెద్ద ఇంటికి నడిచి, గాజుల చేతులు రెండూ ఆయన ముందు చాపింది. "సచ్చినోని కోసం మిలటరీ వస్తదా పెద్దయ్యా? జెప్పు!" ఆ తర్వాత ఆ గాజుల మాట ఎవరూ ఎత్తలేదు.

కొట్లాట ఆగింది, జైళ్ల నుంచి కొందరు తిరిగొచ్చారు. బావ రాలేదు. అక్క ఆ ఇటుకల కుప్ప మీదికే మల్లెతీగను పాకించి, దానికి నీళ్లు పోసేది. నేను ముగ్గురు పిల్లల తల్లినయ్యాక ఒకనాడు, చింతపండు గింజలు తీస్తూ, ఎన్నేండ్లుగానో గొంతులో ఉన్న మాట అనేశాను. "అక్కా, తడి జూసి గదా గాళ్లు బావ ఉన్నడనుకున్నది. నీళ్లు పోసింది నువ్వే గదా."

అక్క చెయ్యి ఆపలేదు. "నాకెరుక లేదా చెల్లె? కని ఊరంత ఆయనను సంపేసింది. అత్త సంపింది. నువ్వు సుత నమ్మలే. నాతోని పాటు ఆయన బతికున్నడని నమ్మినోళ్లు గా జవాన్లే." నిజమే, నేనూ నమ్మలేదు. తల వంచుకొని గింజలు తీశాను.

అక్క ముసలిదై గాజులతోనే పోయింది. స్నానం చేయించేటప్పుడు ఎవరో వాటిని తీయబోతే నేనే వద్దన్నాను.

ఇప్పుడు మా కోడలి కంబానికి పొద్దుమాపు చెంబుతో నీళ్లు పోస్తున్నాను. మేస్త్రీ చెప్పిన వారం ఎప్పుడో దాటిపోయింది, ఇక చాలంటుంది కోడలు. ఆపాల్సిన రోజు ఏదో మా అక్కకు తెలియలేదు, నాకూ తెలియడం లేదు.