ఖోర్ ఫక్కాన్‌లో ఫిడేలు మీద కోడిపెట్ట

కాకినాడలో చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకుని, ఇప్పుడు బర్ దుబాయ్ చీరల షాపులో బిల్లులు కొట్టుకుంటున్న మనిషిని నేను. ఖోర్ ఫక్కాన్‌లో పదిహేడో శతాబ్దపు జర్మన్, ఆస్ట్రియన్ ఫిడేలు కచేరీ ఉందని, పైగా ఉచితమని తెలిస్తే నా కాళ్ళు ఆగుతాయా? తోడుకి సత్యవతక్కను లాగాను. అక్కది అమలాపురం దగ్గర పల్లె, ఇక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది. నెలకి ఒక్క ఆదివారమే సెలవు. ఆ రోజు సముద్రంలో కాళ్ళు పెట్టాలన్నదే ఆమె కోరిక. “దుబాయ్ బీచ్‌లో జనవే గానీ నీళ్ళు కనపడవే” అంటుంది. “కచేరీ నాలుగింటికి, ఐదుకల్లా ఖలాస్. వెలుతురుండగానే నీ సముద్రం నీకు చూపిస్తా” అని మాటిచ్చేశాను.

యూనియన్ మెట్రో పక్క బస్టాండులో ఫుజైరా బస్సెక్కాం. మనిషికి పాతిక దిర్హాములు, రెండు గంటల పైమాట. కొండలు మొదలయ్యాక కునుకు తీయకండి, దారి బావుంటుంది. ఫుజైరాలో దొరికిన టాక్సీ డ్రైవర్ మల్లేశం, జగిత్యాల మనిషి. మా తెలుగు వినగానే మొహం వెలిగిపోయింది.

“బీచ్‌కేనా అక్కా?”

“ముందు ఫిడేలు కచేరీకి” అన్నాను.

“గింత దూరమొచ్చి రూంల కూసుంటరా? యల్లా, మీ ఇష్టం. గని ఈడ పొద్దు కొండల ఎన్కకు జల్ది పోతది. ఆలిస్యమైతే సముద్రం గాదు, చీకటే సూస్తరు.”

సత్యవతక్క నన్నో చూపు చూసింది. నేను కిటికీలోంచి కొండలు చూశాను.

చిన్న హాలు. ఆస్ట్రియా నుంచి వచ్చినావిడ ఫిడేలు, పక్కన వేరే వాద్యాలతో మరో ఇద్దరు. మొదటిది విషాదంగా సాగే రచన. కింద మంద్రంలో పెద్ద వాద్యం అవే నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ దిగుతూ ఉంటే, పైన ఫిడేలు బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. తొడ మీద తాళం వేస్తూ, మన కచేరీల అలవాటు కొద్దీ “భలే!” అనేశాను. సూది పడితే వినిపించే ఆ హాల్లో ముందు వరుసంతా వెనక్కి తిరిగింది.

తర్వాత మొదలైంది అసలు కష్టం. ఆ కాలంలో ఒక్కో రచనకీ తీగల శ్రుతే మార్చేసేవారట, ఫిడేలు గొంతు కొత్తగా పలకాలని. పైగా అవి గొర్రె పేగుతో చేసిన తీగలు. బయటి ఉక్కకీ లోపలి ఏసీకీ ఒక పట్టాన నిలవవు. ఆవిడ బిగించడం, అవి జారడం! ఐదు దాటింది. కిటికీలో ఎండ ఎర్రబడింది.

“సగం రోజు సుతికే సరిపోయిందే. లేద్దావా?” అంది అక్క. మాటిచ్చింది నేనే కదా, బ్యాగు అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఫిడేలు కొక్కొక్కొక్కొ అంది. గుడ్డు పెట్టిన కోడిపెట్ట గోలంతా అచ్చం దిగిపోయింది, ఆ చివర్న తీసే పొడుగు రాగంతో సహా. “ఓలమ్మో, గుడ్డెట్టేసింది!” అని అక్క పగలబడి నవ్వింది. నేను ఆమె నోరు మూయబోయాను. వాయించేటావిడ చేతిలో కమాను ఆగింది. మా వైపు చూసి, తనూ నవ్వి, ఆ కోడిని మొదటినుంచి మళ్ళీ కూయించింది. ఈసారి హాలంతా నవ్వింది. ఆ రచనంతా జంతువుల గొంతులేనట. కప్పలొచ్చాయి, పిల్లి వచ్చింది, అక్క కదల్లేదు.

బయటికొచ్చేసరికి మల్లేశం చెప్పినట్టే చీకటి. నాకు గిల్టీగా ఉంది. అయినా ఒడ్డుకే వెళ్ళాం. పక్కనున్న పోర్టు దీపాల వెలుగులో అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి నీళ్ళలోకి నడిచింది. అల తగలగానే “కొక్కొక్కొక్కొ” అని అరిచింది. వంట చేసే ఆ ఇంట్లో ఆమె గొంతు ఎప్పుడూ వంటగది దాటి వినిపించడం నేనెరగను. మూడొందల ఏళ్ళకు ముందెవరో ఎక్కడో చలిదేశంలో రాసిన కోడి, మా అక్క చేత సముద్రం ఒడ్డున గొంతెత్తి అరిపించింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: సముద్రం ముందు, కచేరీ తర్వాత పెట్టుకోండి. నవ్వు మాత్రం ఎప్పుడొస్తే అప్పుడే నవ్వేయండి.