కురమొచి గారి కష్టమైన గొంతులు

ఒసాకాలో మా ఆస్పత్రి మత్తు డాక్టరు కురమొచి గారి లెక్కలో సులువైన గొంతు ఈ భూమ్మీద పుట్టలేదు. మత్తిచ్చిన రోగి శ్వాసనాళంలోకి గొట్టం దించేటప్పుడు నడుం వంచి, ఒక కన్ను మూసి, నోట్లోకి తొంగి చూసి, "అబ్బో, చాలా కష్టమైన గొంతు" అనేవారు. లోపల ఏముందో ఆయనొక్కరికే కనబడేది కాబట్టి నర్సులం నమ్మేవాళ్లం.

తర్వాత కొనకు కెమెరా ఉన్న పరికరం వచ్చింది. గొంతు లోపలి మలుపు కూడా తెర మీద అందరికీ కనబడుతోంది. ఇంకేముంది, కళ్లకు గంతలు కట్టుకుని కర్రతో పుచ్చకాయ పగలగొట్టే మా జపాను ఆటలో గంతలవాడికి దారి చెప్పినట్టు అందరం అందుకున్నాం. "కుడికండీ, ఇంకాస్త కుడికి."

గొట్టం ఇట్టే దిగింది.

"కష్టమైన గొంతు" అన్నారాయన.

"మేమూ చూశాం లెండి, రైలు పట్టేలా ఉంది" అన్నాడు సర్జన్ త్సుజి. "అయినా బొమ్మ తెర మీదుంటే ఇంకా నోటి దగ్గరికి వంగుతారేంటి?"

కురమొచి గారు తీరిగ్గా నడుం నిటారు చేసుకున్నారు.

"చూడ్డానికి కాదయ్యా. ఇంటాయన నిద్రలో ఉన్నా, గుమ్మంలో వంగి దణ్ణం పెట్టే లోపలికెళ్లాలి. మీరంటే గోడకి కన్నం వేసి దూరతారు, మీకు తెలీదులే."