మస్తాన్ అడిగిన పది రియాళ్లు

నిన్న పొద్దున పప్పుకు తాలింపు పెడుతుంటే శీనయ్య ఫోన్ చేశాడు.

"అవ్వా, మన మస్తాన్ చచ్చిపోయినాడు."

"పొద్దున్నే ఏం కూతలురా అవి?" అని కసిరి పెట్టేశాను.

మళ్లీ చేశాడు. ఈసారి మాట లేదు. ఏడుపే.

తాలింపు మాడిపోయింది. నేను వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను.

ఇక్కడ మస్కట్ పక్కన రుసైల్‌లో, ఫ్యాక్టరీలో డ్యూటీ మొదలైన గంటకే పడిపోయాడంట. హాస్పిటల్‌కు చేరేలోపే అయిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు.

ముప్పై రెండేళ్లు వాడికి.

నాకు అక్షరం రాదు. నేను చెప్తున్నాను, మా రూమ్‌లో ఉండే సుజాత టైప్ చేస్తోంది. ఒక్క మాట తీసేసినా ఊరుకోనని చెప్పాను.

ఈ గ్రూపులో నేనెవరో తెలియని వాళ్లకు చెప్తున్నా. నాది కడప జిల్లా. ఇరవై ఆరేళ్లు మస్కట్‌లో ఇళ్లల్లో పనిచేశాను. ఇప్పుడు ఈ ఊళ్లోనే ఘాలాలో మన తెలుగు పిల్లల మెస్‌లో వంట చేస్తున్నాను. గ్యారేజీల వాళ్లు, గోడౌన్ల వాళ్లు, అందరూ నన్ను అవ్వా అంటారు. శుక్రవారం వాళ్లకు ఫుట్‌బాల్. శీనయ్య కెప్టెన్. మస్తాన్ కూడా నాలుగేళ్లు నా చేతి అన్నమే తిన్నాడు. పోయిన ఏడు రుసైల్ కంపెనీకి మారాడు. అయినా ప్రతి శుక్రవారం వచ్చి మన టీమ్‌కే ఆడాడు.

వాడి ఆట చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

గ్రౌండ్ అంచు వెంబడి ఒక్కడే పరిగెత్తేవాడు. వెనక నుంచి ఎంత పొడుగు బంతి కొట్టినా, అది వాడి కాలికే వచ్చి అతుక్కునేది. ఒకసారి బూటు ఊడిపోతే ఒంటి బూటుతోనే గోల్ కొట్టి, తర్వాత తీరిగ్గా వచ్చి రెండోది వెతుక్కున్నాడు.

ఇంకోసారి అవతలి టీమ్ వాడు వీడి మోకాలి మీద తన్నాడు. నేను మజ్జిగ జగ్గుతోనే గ్రౌండ్‌లోకి దూసుకుపోయాను. రెఫరీ "మాయీ, బాహర్ జావ్!" అని, బయటికి పొమ్మని ఒకటే అరుపు. కింద పడి ఉన్న మస్తాన్ మోకాలు పట్టుకుని నవ్వుతున్నాడు.

"అవ్వా, నువ్వు పో. నీకు రెడ్ కార్డ్ ఇస్తే మాకు మజ్జిగ పోసేదెవరు?"

ఇప్పుడు అసలు సంగతి.

మన టీమ్‌కు ఒక స్పేర్‌పార్ట్స్ షాపు సేట్ మ్యాచ్‌కు ముప్పై రియాళ్లు ఇస్తాడు. ఏడుగురి ఆటే మాది, మార్చి ఆడేవాళ్లతో కలిపి పదిమందీ తలా మూడు పంచుకునేవాళ్లు. చలికాలంలో వేరే టీమ్ వాళ్లు మస్తాన్‌ను పిలిచి, మ్యాచ్‌కు పదిహేను ఇస్తామన్నారు. వాడు వచ్చి మనవాళ్లను అడిగాడు.

"పదిహేను వద్దులేన్నా. పది ఇయ్యండి, ఈడనే ఆడతా."

మెస్‌లో గొడవ మొదలైంది.

"మేము బంతి అందీకుంటే నువ్వేం తంతావురా, గాలినా?" అన్నాడొకడు.

"నువ్వు అందిచ్చినా గాలినే కదన్నా తన్నేది!" అన్నాడు మస్తాన్.

అందరూ నవ్వారు గానీ తెగలేదు. తీర్పు నా దగ్గరికి తెచ్చారు. వాడికి ఎంత ఇవ్వాలో అవ్వనే చెప్పమన్నారు.

మెస్‌లో ఒక పద్ధతి ఉంది. నాలుగు చపాతీలు తినేవాడూ, పది తినేవాడూ నెలకు ఒకే వాటా కడతారు. ఎక్కువ తక్కువలు లెక్కపెడితే మెస్ నిలవదు. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. దాన్నే ఆటకూ పెట్టేశాను.

"నా కుండలో అందరికీ ఒకటే వాటా. టీమ్‌లో కూడా అంతే. ఇష్టముంటే ఆడు, ల్యాకుంటే పో!" అన్నాను.

మస్తాన్ లేచి తన ప్లేటు కడిగి పెట్టాడు.

"సరేలే అవ్వా. నువ్వు చెప్పినాక ఇంకేముంది."

పోలేదు. మూడు రియాళ్లకే ఆడాడు.

నిన్న సాయంత్రం వాడి రూమ్‌మేట్ యూసుఫ్ వచ్చాడు. అన్నం పెడితే ముట్టలేదు. అప్పుడు చెప్పాడు.

రుసైల్‌లో వాడి కంపెనీ చలికాలంలో శుక్రవారం సెలవు తీసేసిందంట. తోటివాడొకడు మస్తాన్ బదులు శుక్రవారం డ్యూటీ చేసేవాడు. ఊరికే ఎవడు చేస్తాడు? పది రియాళ్లు ఇయ్యాలి. లేదంటే గురువారం ఆ తోటివాడి డ్యూటీ మస్తాన్ చేయాలి.

ఆ పది రియాళ్లే వాడు మనల్ని అడిగింది.

మనం ఇవ్వలేదు. నేను ఇవ్వనివ్వలేదు. అందుకని ప్రతి గురువారం తన డ్యూటీ మీద ఇంకో డ్యూటీ. పదహారు గంటలు నిలబడి, మర్నాడు మన కోసం పరుగు.

"మాకెందుకు చెప్పలేదురా?" అని యూసుఫ్ మీద అరిచాను.

"నేను చెప్పమన్నా అవ్వా. వాడు వద్దన్నాడు. చెప్తే పాపమని ఇస్తారు, నా ఆటకు ఇయ్యాల అన్నాడు."

గుండె ఆగింది డ్యూటీల వల్లేనా, కాదా? నేను డాక్టర్‌ని కాదు. కానీ ఆ డ్యూటీలు నా తీర్పు వల్ల పడ్డాయి. ఆ మాట దాచను.

ఇప్పుడు టీమ్ వాళ్లు మస్తాన్ పెళ్లాం నస్రీన్‌కు సాయం అని చందాలు వసూలు చేస్తున్నారంట. చేయండి. కానీ ఆ "సాయం" అనే మాట తీసేయండి.

చలికాలంలో నేను చెప్పిన తీర్పు తప్పు. ఈ రోజు నేనే కొట్టేస్తున్నాను.

అప్పటి నుంచి వాడు ఆడిన ప్రతి మ్యాచ్‌కు పది రియాళ్ల చొప్పున, ఇచ్చిన మూడు పోను మిగతాది నస్రీన్‌కు పోవాలి. జీతం అని చెప్పి పంపండి. నీ మొగుడు మా టీమ్‌లో అందరికంటే గొప్ప ఆటగాడు, ఇది వాడి ఆటకు మేము ఇవ్వాల్సిన జీతం అని శీనయ్యే ఫోన్ చేసి చెప్పాలి. ఆ పిల్ల చెయ్యి చాచి తీసుకోకూడదు, తల ఎత్తి తీసుకోవాలి. తక్కువ పడితే నా జీతంలో నుంచి వేస్తాను.

కాదనేవాడు ఉంటే మెస్‌కు వచ్చి నా మొహం మీద చెప్పండి.

మస్తానూ, నాయనా, నన్ను క్షమించమని అడగను. అడిగితే నవ్వి సరేలే అవ్వా అంటావు. అది నేను తట్టుకోలేను.

పోయిరా బిడ్డా. ఈ వారం నీకు గురువారం డ్యూటీ లేదు, శుక్రవారం పరుగూ లేదు. మీ అల్లా నిన్ను చల్లని చోట పడుకోబెట్టి, కంటినిండా నిద్రపోనివ్వాలి.